షర్టు కింద ఫుల్ సైజ్ గన్: ఎలా దాస్తారు, అసలు ఎవరు పెట్టుకోవచ్చు?

ఈ ఎపిసోడ్ చేయమని చాలా రోజుల నుంచి అడుగుతున్నారు. ప్రశ్న సింపుల్‌గానే ఉంటుంది. "అన్నా, నువ్వు రోజూ పెట్టుకునేది పెద్ద గన్ కదా, మామూలు టీషర్టు కింద అది కనబడకుండా ఎలా దాస్తావ్?" అని. సమాధానం చెప్తాను. బెల్టు, హోల్స్టర్, షర్టు, కుర్తా అన్నీ మాట్లాడుకుందాం. కానీ షర్టు దగ్గర మొదలుపెట్టను. ఎందుకంటే ఈ వీడియో చూసే మనవాళ్ళలో సగం మందికి షర్టు సమస్యే కాదు. వాళ్ళు గన్ ముట్టుకోవచ్చా లేదా అన్నదే సమస్య.

ముందే ఒక మాట. నేను ఉండేది టెక్సస్‌లో. అమెరికా సిటిజన్‌ని. లైసెన్స్ టు క్యారీ ఉంది. నేను చెప్పేదంతా అమెరికా గురించి, అందులోనూ ఎక్కువగా టెక్సస్ గురించి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూసేవాళ్ళు దీన్ని అక్కడ ట్రై చేసే విషయంగా అనుకోవద్దు. ఇండియాలో ఆయుధాల చట్టం 1959 వేరు, లైసెన్స్ పద్ధతి వేరు. అక్కడ 9 ఎమ్ఎమ్ పిస్టల్ ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు పౌరుడికి లైసెన్స్ ఇచ్చే రకం కాదు. ఇంకో మాట, నేను లాయర్‌ని కాదు. మీ స్టేటస్ గురించి, మీ రాష్ట్రం గురించి డౌట్ ఉంటే లాయర్‌నే అడగండి.

సరే, మొదటి విషయం. మీరు ఎఫ్-1 మీద చదువుతున్నారా? ఓపీటీలో ఉన్నారా? హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నారా? అయితే వినండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనకూడదు అని మాత్రమే కాదండి, దగ్గర పెట్టుకోకూడదు. చేతిలోకి తీసుకోవడం కూడా చట్టం దృష్టిలో దగ్గర ఉంచుకోవడమే. టెక్సస్‌లో లైసెన్స్ లేకుండా క్యారీ చేయొచ్చట కదా అని ఎవరో చెప్తారు. నిజమే, 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం గన్ ఉంచుకోవడానికి అర్హత ఉన్నవాళ్ళు ఇక్కడ లైసెన్స్ లేకుండా క్యారీ చేయొచ్చు. "అర్హత ఉన్నవాళ్ళు" అన్న ఆ ముక్క దగ్గరే మనవాళ్ళు ఆగిపోవాలి. రాష్ట్రం సరే అన్నా, ఫెడరల్ చట్టం కాదంటే కాదు.

శిక్ష ఎంత? 2022లో చట్టం మార్చాక గరిష్ఠంగా 15 ఏళ్ళ జైలు. దాంతోపాటు గన్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అది ఒక కారణం అవుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు కూడా. అంటే ఇంట్లో అప్పు చేసి పంపిన చదువు, లాటరీలో వచ్చిన హెచ్-1బీ, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డు లైను, అన్నీ ఒక్క ఫోటోతో పోవచ్చు. ఫోటో అని ఎందుకన్నానంటే, మనవాళ్ళు గన్ పట్టుకున్న ఫోటో స్టేటస్‌లో పెట్టేదాకా నిద్రపోరు కదా!

మా చిన్నాన్న కొడుకు ఒకడు ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు. ఒకసారి రేంజ్‌కి బయల్దేరుతుంటే, "అన్నా, నేనూ వస్తా, ఒక్క మ్యాగజైన్ కాల్చి ఇచ్చేస్తా" అన్నాడు. "వద్దురా" అన్నాను. "అదేంటన్నా, నా ఫ్రెండ్స్ అందరూ వెళ్ళొచ్చారు, ఏమీ కాలేదు" అన్నాడు. "ఏమీ కాలేదు అంటే ఎవరూ అడగలేదు అని అర్థం రా. చట్టం ఒప్పుకుంది అని కాదు. నీ ఐ-20 కంటే ఆ పది తూటాలు ఎక్కువా?" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఫర్వాలేదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది అని కొందరు చెప్తారు. అలాంటి మినహాయింపు చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ దాన్ని నమ్ముకుని నడుముకు గన్ కట్టుకుని షాపింగ్ మాల్‌కి వెళ్ళే ముందు ఇమ్మిగ్రేషన్, గన్ చట్టాలు రెండూ తెలిసిన లాయర్‌కి ఫీజు కట్టి అడగండి. యూట్యూబ్‌లో నన్ను అడగొద్దు.

ఇప్పుడు అర్హత ఉన్నవాళ్ళ సంగతి. సిటిజన్లు, గ్రీన్ కార్డు వాళ్ళు. మీకు కూడా రాష్ట్రం దాటితే కథ మారిపోతుంది. టెక్సస్ లైసెన్స్‌ని కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ గుర్తించవు. డాలస్‌లో మీరు చట్టబద్ధంగా తిరుగుతున్న మనిషి. అదే నడుముతో ఎడిసన్‌లో ఉన్న మీ బావగారింటికి వెళ్తే నేరస్థుడు. ఇంకొకటి, కాలిఫోర్నియాలో, న్యూయార్క్‌లో మ్యాగజైన్‌లో 10 కంటే ఎక్కువ తూటాలు పట్టకూడదు. ఫుల్ సైజ్ గన్‌తో పాటు మామూలుగా వచ్చే మ్యాగజైన్ 17 పడుతుంది. అంటే గన్ సంగతి పక్కన పెట్టినా, మ్యాగజైన్ ఒక్కటే మిమ్మల్ని ఇరికిస్తుంది.

సరే, ఇప్పుడు అసలు ఫుల్ సైజ్ అంటే ఏంటో చూద్దాం. ఆర్మీ, పోలీసుల కోసం తయారైన సైజు. నడుముకు బయట, అందరికీ కనబడేలా పెట్టుకోవడానికి చేసింది. గ్లాక్ 17 తీసుకోండి. 1980ల మొదట్లో ఆస్ట్రియా ఆర్మీ కోసం వచ్చింది. పొడవు దాదాపు 202 మిల్లీమీటర్లు, ఎత్తు 139 మిల్లీమీటర్లు. నిండా తూటాలు పెడితే బరువు 900 గ్రాములు. కిలో కందిపప్పు ప్యాకెట్‌కి కాస్త తక్కువ అనుకోండి, దాన్ని పొద్దున్నుంచి రాత్రి దాకా నడుముకు కట్టుకుని తిరగాలి. పాతకాలపు 1911 మోడల్ అయితే, పూర్తిగా స్టీల్‌తో చేసింది, ఖాళీగానే 1 కిలో 100 గ్రాముల దాకా ఉంటుంది. దాని తమ్ముడిలాంటి గ్లాక్ 19 కాంపాక్ట్ పొడవు 185, ఎత్తు 128. 2018లో వచ్చిన సిగ్ పీ365 లాంటివి ఇంకా చిన్నవి, అరచేతిలో ఇమిడిపోతాయి.

మరి చిన్నవి ఉండగా పెద్దది ఎందుకు అంటారా? చిన్న గన్ జేబుకి సుఖం, చేతికి కష్టం. పెద్దదాని పిడి మీద అన్ని వేళ్ళూ పడతాయి. బరువు ఎక్కువ కాబట్టి కాల్చినప్పుడు చేతిలో తక్కువ ఎగురుతుంది. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి గురిలో తేడా వస్తే కంటికి త్వరగా తెలుస్తుంది. నేను రేంజ్‌లో ఏ గన్‌తో ఎక్కువ ప్రాక్టీస్ చేస్తానో, దాన్నే నడుముకు పెట్టుకోవాలి అని నా లెక్క. అంతే. పెద్ద గన్ పెట్టుకుంటే మగాడు, చిన్నది పెట్టుకుంటే కాదు అనే సినిమా లెక్క కాదు. చిన్నది పెట్టుకునేవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు.

ఇక దాచడం. అందరూ అనుకునేది ఏంటంటే, గన్ పొడుగ్గా ఉంటే దాచడం కష్టం అని. కాదు. పొడుగు ప్యాంటు లోపలికి పోతుంది, కనబడదు. కనబడేది పిడి. ప్యాంటు పైన, బెల్టు పైన, షర్టుని లోపల్నుంచి పొడుచుకుంటూ ఉండేది అదే. ఇందాక రెండు ఎత్తులు చెప్పాను కదా, 139, 128. తేడా 11 మిల్లీమీటర్లు. చిటికెన వేలు వెడల్పు కూడా లేదు. కానీ వంగినప్పుడు షర్టు వెనక టెంటు వేసినట్టు లేచేది ఆ 11 మిల్లీమీటర్ల దగ్గరే. దీన్నే ఇక్కడ ప్రింటింగ్ అంటారు, అంటే గన్ ఆకారం బట్ట మీద అచ్చు పడటం. పొడవు బారెల్ అయితే ఇంకో లాభం ఉంది. ముందు వైపు పెట్టుకున్నప్పుడు కింద భాగం పొడుగ్గా ఉంటే అది పడవ కింది చెక్కలాగా పని చేస్తుంది. గన్ పై భాగం బయటికి వాలిపోకుండా ఒంటికి అదిమి ఉంచుతుంది. కాబట్టి గన్ కొనేటప్పుడు బారెల్ పొడవు చూసి భయపడకండి, పిడి ఎత్తు చూసి ఆలోచించండి.

ఎక్కడ పెట్టుకోవాలి? ఇక్కడివాళ్ళు గడియారం లెక్క చెప్తారు. బొడ్డు 12 గంటలు, కుడి తుంటి 3 గంటలు, వెన్నెముక 6. కుడి చేతివాటం వాళ్ళు మామూలుగా రెండు చోట్ల పెట్టుకుంటారు. ఒకటి 3, 4 గంటల మధ్య, తుంటి వెనక్కి. రెండోది ముందు, 12 నుంచి 1 మధ్య, దాన్ని అపెండిక్స్ అంటారు. తుంటి దగ్గర కూర్చోవడానికి సుఖం, కానీ వంగితే పిడి లేస్తుంది, వెనకున్నవాళ్ళకి కనబడుతుంది, మీకు కనబడదు. ముందు అయితే దాచడం తేలిక, చేతులు దగ్గరగా ఉంటాయి, మీ కళ్ళ ముందే ఉంటుంది. కానీ బొజ్జ ఉంటే కూర్చున్నప్పుడు పొడుచుకుంటుంది. అన్నం తినే మన ఒళ్ళు కదా, నిజం మాట్లాడుకుందాం! ఇంకో విషయం, ముందు పెట్టుకుంటే గన్ మూతి చూసేది మీ తొడ వైపు, అంతకంటే ముఖ్యమైన వాటి వైపు. కాబట్టి హోల్స్టర్‌లో పెట్టేటప్పుడు తొందర అస్సలు పనికిరాదు. వెన్నెముక మీద, అంటే 6 గంటల దగ్గర, నేను పెట్టుకోను. వెనక్కి వెల్లకిలా పడితే వెన్నుపూస మీద కిలో ఇనుము ఉన్నట్టు.

ఇప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తాను. షర్టు మీద కాదు, బెల్టు మీద, హోల్స్టర్ మీద. మామూలు బెల్టు కిలో బరువుకి సాగిపోతుంది. గన్ బయటికి వాలుతుంది, ప్యాంటు జారుతుంది, మీరు నిమిషానికి ఒకసారి పైకి లాక్కుంటారు. ఒకటిన్నర అంగుళాల వెడల్పు, లోపల గట్టి పట్టీ ఉన్న గన్ బెల్టు తీసుకోండి. ప్యాంటు నడుము మీ సైజు కంటే ఒక అంగుళమో రెండు అంగుళాలో ఎక్కువ కొనండి, ఎందుకంటే లోపల ఇప్పుడు ఇద్దరున్నారు. హోల్స్టర్ కైడెక్స్‌ది అయితే మంచిది. అది గట్టి ప్లాస్టిక్ షీటు, వేడి చేసి సరిగ్గా మీ గన్ ఆకారానికి అచ్చు పోస్తారు. దానికి పక్కన చిన్న రెక్క ఉంటుంది, క్లా అంటారు. అది బెల్టుకి ఆని పిడిని ఒంటివైపు తిప్పుతుంది. కింద ఒక మెత్తటి దిమ్మ, వెడ్జ్ అంటారు, అది పై భాగాన్ని పొట్టకి అదుముతుంది. ఈ రెండు చిన్న ముక్కలు చేసే పని ఏ పెద్ద షర్టూ చేయలేదు.

హోల్స్టర్‌కి ఇంకో పని ఉంది, అది దాచడం కంటే వంద రెట్లు ముఖ్యం. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పి ఉంచాలి. గ్లాక్ లాంటి గన్‌లకి చేత్తో వేసే సేఫ్టీ లివర్ ఉండదు. ట్రిగ్గర్ వెనక్కి వస్తే పేలుతుంది, అంతే. అది మీ వేలా, టీషర్టు అంచా, స్వెటర్ తాడా, దానికి తెలీదు.

ఒక నిజమైన కేసు చెప్తాను. ప్లాక్సికో బరెస్ అని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2008 ఫిబ్రవరిలో న్యూయార్క్ జెయింట్స్‌కి సూపర్ బౌల్ గెలిపించిన టచ్‌డౌన్ అతనిది. అదే ఏడాది నవంబర్ చివర్లో మాన్‌హాటన్‌లో ఒక నైట్ క్లబ్‌కి వెళ్ళాడు. నడుములో గ్లాక్. హోల్స్టర్ లేదు, బెల్టు లేదు, స్వెట్ ప్యాంటు ఎలాస్టిక్‌లో దోపుకున్నాడు. అది జారింది. పట్టుకోబోయాడు. పేలింది. తూటా సొంత తొడలోంచి పోయింది. ప్రాణం దక్కింది, కానీ న్యూయార్క్‌లో అతనికి పర్మిట్ లేదు. ఫ్లోరిడాలో ఉన్న లైసెన్స్ గడువు కూడా అయిపోయింది. 2009లో నేరం ఒప్పుకున్నాడు, రెండేళ్ళ శిక్ష, 2011 జూన్‌లో బయటికొచ్చాడు. చూడండి, ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పే మూడూ ఆ ఒక్క రాత్రిలో ఉన్నాయి. బట్ట తప్పు, హోల్స్టర్ లేదు, రాష్ట్రం తప్పు. ఎవరినీ కాల్చలేదు, ఎవరితో గొడవ పడలేదు. జారింది, అంతే. అందుకే ట్రాక్ ప్యాంటు, నైట్ ప్యాంటు, లుంగీ వేసుకుని నడుములో గన్ దోపుకునే సీను సినిమా హీరోకి వదిలేయండి. అతని గన్‌లో తూటాలుండవు.

సరే, ఇప్పుడు బట్టలు. టీషర్టు అయితే ఒక సైజు పెద్దది, కాస్త మందం బట్ట. ఒంటికి అతుక్కునే సాగే బట్ట వద్దు. రంగు ముదురుగా ఉంటే మంచిది. ప్రింట్లు, గళ్ళు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే కన్ను గీతల్లో తప్పిపోతుంది, ఉబ్బు కనబడదు. తెల్ల టీషర్టు ఎండలో మీ రహస్యాలన్నీ చెప్పేస్తుంది. షర్టు అయితే టక్ చేయకుండా వేసుకునేది, అంచు సమంగా ఉండేది, చేతులు పైకెత్తినా బెల్టు కప్పేంత పొడవు. ఆఫీసుకి టక్ చేసి వెళ్ళేవాళ్ళకి టక్ చేసుకునే హోల్స్టర్లు ఉన్నాయి, షర్టుని గన్ చుట్టూ లోపలికి దోపొచ్చు. కానీ ఫుల్ సైజ్‌తో అది నిజంగా కష్టం, బెల్టు మీద క్లిప్పులు కనబడతాయి. అయినా మన ఆఫీసుల్లో చాలా వాటిలో ఉద్యోగులు గన్ తేకూడదని కంపెనీ రూల్ ఉంటుంది. ముందు అది చదవండి. జాకెట్ గురించి ఒక మాట. డాలస్‌లో ఆగస్టులో వంద డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో జాకెట్ వేసుకుంటే గన్ దాగుతుందేమో కానీ మీరు దాగరు.

మన బట్టల సంగతి. కుర్తా దాచడానికి అద్భుతం, మోకాళ్ళ దాకా కప్పుతుంది. కానీ రెండు ఇబ్బందులు. పైజామా బొందు కిలో బరువు మోయదు, కాబట్టి కింద బెల్టు పెట్టిన జీన్సో ప్యాంటో ఉండాలి. రెండోది, అవసరం వస్తే అంత పొడవు బట్ట పైకి లాగాలి, ఒక చేత్తో అయ్యే పని కాదు. కుర్తా జేబులో మాత్రం ఎప్పుడూ వద్దు, తాళాలు, ఫోను, గన్ ఒకే సంచిలో వేసినట్టు. చీర గురించి మా వదిన అడిగింది. నడుముకి చుట్టుకునే బెల్లీ బ్యాండ్లు ఉన్నాయి, కానీ ఫుల్ సైజ్‌కి అవి సరిపోవు. అలాంటి బ్యాండ్ ఏది కొన్నా ట్రిగ్గర్ మీద గట్టి కప్పు ఉందో లేదో చూడాలి, మెత్తటి గుడ్డ ఒక్కటే చాలదు. చీర కట్టుకున్న రోజు గన్ ఇంట్లో ఉండటమే నయం అని వదినకి చెప్పాను, ఇక్కడా అదే చెప్తున్నాను.

గుడికి వెళ్ళే రోజు? టెక్సస్‌లో గుడి యాజమాన్యం వద్దని నోటీసు పెట్టకపోతే లైసెన్స్ ఉన్నవాళ్ళు తీసుకెళ్ళొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. కానీ సాష్టాంగ నమస్కారం చేసే మనిషి నడుములో ఫుల్ సైజ్ గన్ ఎలా దాస్తాడో నాకు అర్థం కాదు. ప్రదక్షిణల్లో పిల్లలు వచ్చి నడుముని చుట్టేసుకుంటారు. మెడిటేషన్ హాల్లో కింద కూర్చుని లేవాలి. నేను గుడికి తీసుకెళ్ళను. చట్టం "చేయొచ్చు" అన్న ప్రతిదీ "చేయాలి" అని కాదు కదండీ.

మరి కనబడుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి? అద్దం మిమ్మల్ని మోసం చేస్తుంది, ఎందుకంటే అద్దం ముందు అందరం నిటారుగా నిలబడతాం. మీ చేతిలో ఫోను ఉంది కదా, దాన్ని వాడండి. గన్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీయండి, ఛాంబర్ కళ్ళతో చూడండి, వేలితో తడిమి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టండి. తర్వాత ఫోన్‌ని టేబుల్ మీద నడుము ఎత్తులో నిలబెట్టి వీడియో ఆన్ చేసి రోజంతా చేసే పనులు చేయండి. పై అరలోంచి డబ్బా తీయండి. బూటు లేసు కట్టండి. కుర్చీలో కూర్చుని లేవండి. వీపు వైపు, పక్క వైపు కూడా తీయండి. తర్వాత చూసుకోండి, మీకే తెలుస్తుంది. ఆ వీడియో చూసి డిలీట్ చేసేయండి, రీల్ చేయకండి బాబూ!

వీడియోలో ఇంకొకటి కనబడుతుంది. బట్ట కాదు, మీ చేయి. కొత్తగా పెట్టుకున్నవాళ్ళు ప్రతి రెండు నిమిషాలకి అక్కడ తడుముకుంటారు. పెళ్ళి మండపంలో డబ్బున్న జేబు తడుముకునే పెద్దాయనలాగా. దొంగకి ఎక్కడ డబ్బుందో చెప్పేది ఆయన చేయే కదా. ఇదీ అంతే. మామూలు జనం ఫోన్లలో ఉంటారు, మీ నడుము ఎవరూ చూడరు. మీ చేయే వాళ్ళని అక్కడికి పిలుస్తుంది. తడుముకోవాల్సి వస్తోంది అంటే బెల్టో హోల్స్టరో సరిగా లేదని అర్థం. ఇంటికెళ్ళి సరిచేసుకోండి. వంగాల్సి వస్తే నడుము దగ్గర వంగకుండా మోకాళ్ళు వంచి కూర్చోండి. టెక్సస్‌లో హోల్స్టర్‌లో ఉన్న గన్ కాస్త కనబడినంత మాత్రాన నేరం కాదు. కానీ పచారీ షాపులో ఒక తల్లి మీ గన్ చూసి భయపడి 911కి ఫోన్ చేస్తే, వచ్చే పోలీసుకి మీరెవరో తెలీదు. గోధుమ రంగు చర్మం, గడ్డం, నడుములో గన్. ఆ రెండు నిమిషాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. పోలీసు ఆపితే చేతులు కనబడేలా ఉంచండి, గన్ వైపు చేయి పోనివ్వొద్దు. టెక్సస్‌లో లైసెన్స్ మీద క్యారీ చేస్తూ ఉంటే, పోలీసు ఐడీ అడిగినప్పుడు ఆ లైసెన్స్ కూడా చూపించాలి. మెల్లగా, మాటతో చెప్పి తీయండి.

పోకూడని చోట్లు గుర్తుపెట్టుకోండి. స్కూల్ బిల్డింగులు, కోర్టులు, ఫెడరల్ ఆఫీసులు, ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దాటిన చోటు. ఎర్రగా 51% అని బోర్డు ఉన్న బార్లు. టెక్సస్‌లో షాపుల గుమ్మం దగ్గర 30.06 అని ఇంగ్లీషులో, స్పానిష్‌లో పెద్ద అక్షరాల బోర్డు ఉంటే లైసెన్స్ ఉన్నా దాచిన గన్‌తో లోపలికి రావొద్దని అర్థం. 30.05 బోర్డు లైసెన్స్ లేకుండా క్యారీ చేసేవాళ్ళకి. ఇక తాగిన రోజు గన్ లేదు, గన్ ఉన్న రోజు తాగుడు లేదు. వీకెండ్ పార్టీలో "ఒక్క పెగ్గే కదా బాబాయ్" అంటారు. తాగి బయట క్యారీ చేయడం ఇక్కడ నేరం, అంతకంటే ముందు బుద్ధిలేని పని.

ఇక బ్యాగు. నడుము బరువెక్కిందని కొంతమంది బ్యాక్‌ప్యాక్‌లో వేస్తారు. బ్యాగులో ఉన్నది మర్చిపోతాం, నడుముకున్నది మర్చిపోము. 2023లో అమెరికా ఎయిర్‌పోర్ట్ చెక్ పాయింట్లలో టీఎస్ఏ వాళ్ళు 6,737 గన్‌లు పట్టుకున్నారు. అందులో వందకి తొంభైకి పైగా తూటాలు నింపినవే. పట్టుబడ్డవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఒకటే, బ్యాగులో ఉన్న సంగతి మర్చిపోయాం అని. వేల డాలర్ల జరిమానా పడొచ్చు, టీఎస్ఏ ప్రీచెక్ ఐదేళ్ళు పోతుంది. మనవాళ్ళకి ఇంకో ప్రమాదం. రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. మూలలో ఒక్క తూటా ఇరుక్కుని ఉన్నా, శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు. అమ్మానాన్నల్ని చూద్దామని వెళ్ళి పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాలి. రేంజ్ బ్యాగు రేంజ్‌కే.

పబ్లిక్ టాయిలెట్ గురించి కూడా చెప్పాలి, నవ్వొద్దు. గన్ తీసి గోడ మీదో, ఫ్లష్ ట్యాంకు మీదో పెట్టి మర్చిపోయి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. నియమం ఒకటే: గన్ హోల్స్టర్‌లోంచి బయటికి రాదు. ప్యాంటు దిగినా అందులోనే ఉంటుంది. కార్లో వదలడం కూడా మంచిది కాదు, కార్లోంచి దొంగిలించిన గన్ రేపు ఇంకెవరి మీద పేలుతుందో. తప్పదంటే సీటు కింద కేబుల్‌తో కట్టిన చిన్న లాకర్ పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక దాచడం పూర్తి కాలేదు, అప్పుడే మొదలవుతుంది. వీధిలో కొత్తవాళ్ళ నుంచి దాచాం, ఇంట్లో మనవాళ్ళ నుంచి దాచాలి. బీరువా పైన, దిండు కింద, బట్టల మడతల్లో పెట్టడం దాచడం కాదు. పిల్లలకి తెలియని బీరువా మన ఇళ్ళల్లో ఉందా? పండక్కి ఇరవై మంది వస్తారు, ఇల్లంతా దాగుడుమూతలు. హోల్స్టర్‌తో సహా తీసి, తాళం ఉన్న సేఫ్‌లో పెట్టండి. మా ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే: "నువ్వు బూట్లు విప్పే లోపు అది సేఫ్‌లో ఉండాలి." నేను ఒప్పుకున్నాను, అది మంచి షరతు.

చివరిగా చెప్పేది ఒకటే. ఫుల్ సైజ్ గన్ మామూలు బట్టల కింద దాగుతుంది. మాయ ఏమీ లేదు. గట్టి బెల్టు, అచ్చు హోల్స్టర్, ఒక సైజు పెద్ద షర్టు, కుదురుగా ఉండే చేయి. కానీ ఇవి నాలుగూ ఒక గొలుసు, ఒక్క లింకు తెగినా మిగతా మూడూ పనికిరావు. ఈ రోజు వేసుకునే బట్టకి బెల్టు లేదా, వెళ్ళే చోట బోర్డు ఉందా, పార్టీలో మందు ఉందా, ఒంట్లో బాగాలేదా, కోపంగా ఉన్నారా, అయితే ఆ రోజు అది సేఫ్‌లోనే. వీసా మీద ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అయితే ప్రతి రోజూ ఆ రోజే. ఎవరైనా "పట్టుకో, ఏం కాదు" అంటే చేతులు జేబులో పెట్టుకోండి.

ఈ ఎపిసోడ్ మీకు తెలిసిన ఎఫ్-1 స్టూడెంట్ ఒక్కరికైనా పంపించండి, ముఖ్యంగా వీకెండ్ రేంజ్ ప్లాన్ వేసుకున్నవాళ్ళకి. మళ్ళీ కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి, నమస్తే.